పడవ మనిషి

టార్తు గ్రంథాలయం, మూడో అంతస్తు.
ఫిబ్రవరి నెల, మూడున్నరకే దీపాలు వెలిగించేశారు.
బల్ల మీద ఏడు సంపుటాలు,
వాటి నుంచి పుట్టిన మూడు ఆటలు,
నల్ల రొట్టె ముక్కలు, చల్లారిపోయిన కాఫీ,
బహుమతి సంఘం వాళ్ల మార్కుల కాగితం:
ఎడమ గడి పుస్తకానికి, కుడి గడి ఆటకి.

ఉర్వె ఒకప్పుడు ప్రచురణాలయంలో సంపాదకురాలు.
ఏడింటిలో ఐదు ఆమె ఎర్ర పెన్సిల్ కిందుగా నడిచి
అచ్చుకెళ్లాయి.
ఆరోది ఆమెకు గిట్టదు.
"డ్రాగన్లు ఎక్కువ, వాన తక్కువ" అంటుంది.

తావెత్‌కి ఇరవై ఆరు.
ఆటలు మూడూ రెండేసిసార్లు ముగించాడు.
పుస్తకాల్లో మొదటిది, అదీ సగం.
ఆ సగం సంగతి ఒప్పుకోడానికి
వారం రోజులు పట్టింది.

తగువంతా పడవ మనిషి దగ్గర.

వాళ్ల భాషలో ఆడకీ మగకీ ఒకటే సర్వనామం,
ఊపిరి వదిలినంత చిన్నది: త.
మూడు వేల పేజీల పొడుగునా
పొగమంచు నది దాటించే ఆ మనిషి
ఆడో మగో రచయిత్రి చెప్పలేదు.
దాచిపెట్టనూ లేదు.
వ్యాకరణమే తలుపు దగ్గర కాపలా కూచుంది.

నాకా వెసులుబాటు లేదు.
వచ్చాడా, వచ్చిందా అని
తెలుగు క్రియ చివర నిలబడి నిలదీస్తుంది.
అందుకే నా పడవ మనిషి
రావడం, పోవడం, తెడ్డు వెయ్యడం,
అంతే.

ఆటలో మాత్రం గడ్డం పెట్టారు.
తెర మీద మొహం ఖాళీగా ఉంచలేరు కదా.
గొంతు కూడా ఇచ్చారు,
పీపాలోంచి మాట్లాడినట్టు.

"ముప్పై ఏళ్లుగా నాకది మా మేనత్త లీడియా మొహం"
అంది ఉర్వె.
"జ్వరం తగిలిన రాత్రుల్లో నా మొహమే.
ఇప్పుడీ బొచ్చేమిటి?
రెండు మార్కులు తీసెయ్."

తావెత్ వాదించలేదు.
మీటల పలక ఆమె చేతిలో పెట్టాడు.
"నది దాటండి. దాటాక తీసేద్దాం."

పుస్తకంలో అది రెండే మాటలు:
నది దాటారు.
ఆటలో పదకొండు నిమిషాలు.
శత్రువు లేడు, నిధి లేదు, పాట లేదు.
కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు,
కుడి, ఎడమ,
ఆపితే పడవ వెనక్కి జారుతుంది.
ఈ చోటే చాలామంది ఆట కట్టేసి
అన్నానికి లేచిపోయారట.

నాలుగో నిమిషంలో ఆమె కాఫీ అడిగింది.
ఆరో నిమిషంలో మాట్లాడ్డం మానేసింది.
తొమ్మిదో నిమిషంలో
పొగమంచు కాస్త విడి, ఎడమ తెడ్డు కనబడింది.
కొక్కెం విరిగి ఉంది.
దాన్ని ఉన్ని మేజోడుతో కట్టి ఉంది.
బూడిదరంగు, మడమ దగ్గర ఎర్ర అతుకు.

ఉర్వె వేళ్లు ఆగాయి.
పడవ వెనక్కి జారింది.

ఆ మేజోడు ఏ సంపుటంలోనూ లేదు.
రాతప్రతిలో ఉండేది, ఒక పేజీ నిండా:
తెడ్డు కిర్రుమనడం, చేతుల బొబ్బలు, ఆ అతుకు.
ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టి
అంచులో ఆమే రాసింది, సాగతీత అని.
రచయిత్రి ఏమీ అనలేదు. టీ పోసింది.
ఇన్నేళ్లూ ఆ కాగితం ఏ సొరుగులో పడుకుందో,
ఈ పిల్లల చేతికి ఎవరందించారో.

మళ్లీ మొదటి నుంచి వేసింది తెడ్డు.
అవతలి ఒడ్డు తగిలేసరికి
బయట మంచు తవ్వే బండి రెండుసార్లు తిరిగి వెళ్లింది.

తర్వాత కాగితం దగ్గరకి లాక్కుంది.
కుడి గడిలో, గడ్డానికి రెండు తగ్గింపు.
అది మారలేదు.
ఎడమ గడిలో ఒకటి తగ్గించి,
కారణం దగ్గర చిన్న అక్షరాల్లో రాసింది:
ఒక పేజీ తక్కువ. తీసింది నేను.

మొదటి సంపుటం చంకన పెట్టుకుని
తావెత్ మెట్లు దిగుతుంటే
పైనుంచి కేక వినబడింది,
"ఆరోది మాత్రం చదవకు!"